రీఫ్ ట్యాంకుకు తూము, అలుగు: ఓవర్‌ఫ్లో గొట్టాలు, వాల్వుల అమరిక

చెరువు కట్టేటప్పుడు తూముకు తలుపు పెడతారు కాని అలుగుకు పెట్టరు. తూము గుండా ఎంత నీరు పోవాలో నీరుగంటి చూసుకుంటాడు. చెరువు నిండి కట్ట తెగే పరిస్థితి వచ్చినప్పుడు మాత్రం నీరు ఎవరి చేయీ పడకుండానే అలుగు మీదుగా పారిపోవాలి. ఇంట్లో పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంకుకు గొట్టాలు అమర్చేటప్పుడు నేను పాటించేది కూడా ఇదే సూత్రం. అందువల్ల ఈ వ్యాసంలో వాల్వు ఉన్న ప్రధాన సైఫన్ (గాలి లేకుండా నిండుగా నీటిని కిందికి లాగే) గొట్టాన్ని తూము గొట్టమనీ, వాల్వు లేని అత్యవసర గొట్టాన్ని అలుగు గొట్టమనీ పిలుస్తాను.

చెన్నైలో నేను మొదట పెట్టుకున్న ట్యాంకుకు ఒకే ఒక గొట్టం ఉండేది. ఒక రాత్రి నత్త ఒకటి ట్యాంకు నుంచి నీరు పొర్లిపడే ఓవర్‌ఫ్లో పెట్టెలోకి దిగి, గొట్టం నోటికి అడ్డుపడింది. కింద ఉన్న పంపు మాత్రం తన పని తాను చేసుకుపోతూ కింది తొట్టిలోని నీటినంతా పైకి తోడింది. తెల్లవారేసరికి హాలు నిండా ఉప్పునీరు నిలిచి ఉంది. కింది అంతస్తు వారి పడకగది పైకప్పు మీద తడి మరక ఏర్పడింది. ఆ ఇంటి పెద్దావిడ కోప్పడలేదు కాని, ఆ మరకను చూసిన ప్రతిసారీ నాకు కలిగిన బాధ ఇంకా గుర్తుంది. గొట్టం ఏదో ఒకనాడు మూసుకుపోతుందని ముందే అనుకుని, ఆ రోజున నీరు ఎటు పోవాలో తేల్చుకున్న తరువాతే మిగిలిన లెక్కలు మొదలుపెట్టాలని నేను నేర్చుకున్నది అప్పుడే.

రీఫ్ ట్యాంకులో నీరు నడిచే దారి క్లుప్తంగా ఇలా ఉంటుంది. పై ట్యాంకులోని నీరు దువ్వెన వంటి పళ్లున్న గట్టు మీదుగా పొర్లి, ఓవర్‌ఫ్లో పెట్టెలో పడి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా కింద అలమరలో ఉన్న సంప్‌లోకి దిగుతుంది. సంప్ అంటే ఇక్కడ ఇంటి ముందు నేలలో ఉండే నీళ్ల తొట్టి అని కాదు, ట్యాంకు కింద పెట్టే రెండవ గాజు తొట్టి అని. వడపోత, స్కిమ్మర్ (మలినాలను నురగగా తీసే పరికరం), హీటర్ వంటివన్నీ అందులోనే ఉంటాయి. అక్కడి నుంచి రిటర్న్ పంపు నీటిని తిరిగి పైకి పంపుతుంది. పైకి ఎంత పోతే అంతే కిందికి దిగాలి; ఈ రెండింటి మధ్య తేడా వస్తే నేల మీద నీరు చేరుతుంది.

కిందికి దింపే పద్ధతులు ప్రధానంగా మూడు వాడుకలో ఉన్నాయి. డర్సో పద్ధతిలో ఒకే గొట్టం ఉంటుంది. దాని తలలో గాలి రంధ్రం ఉండటం వల్ల నీరూ గాలీ కలిసి దిగుతాయి, గుడగుడమనే శబ్దం వస్తుంది, గొట్టం మూసుకుంటే వేరే దారి ఉండదు. హెర్బీ పద్ధతిలో రెండు గొట్టాలుంటాయి. తూము గొట్టం నోరు ఓవర్‌ఫ్లో పెట్టెలో బాగా లోతుగా ఉండి, అందులోకి గాలి చొరబడకుండా పూర్తి సైఫన్‌గా పనిచేస్తుంది. దాని కింది భాగంలో ఉన్న గేట్ వాల్వును కొద్దికొద్దిగా బిగించి ప్రవాహాన్ని పంపు వేగానికి సరిపెడతారు. దానికంటే ఎత్తుగా నోరు తెరుచుకుని ఉన్న అలుగు గొట్టం మామూలు రోజుల్లో పొడిగానో, సన్నని ధారతోనో ఉంటుంది.

మూడవదైన బీన్ యానిమల్ పద్ధతిలో ఈ రెండింటి మధ్య ఇంకొక గొట్టం చేరుతుంది. తూము గొట్టం నీటిలో అధిక భాగాన్ని నిశ్శబ్దంగా దింపుతుంటే, రెండవ గొట్టం మిగిలిన కొద్దిపాటి నీటిని గాలితో కలిపి దింపుతుంది. ఈ రెండవ గొట్టం తలకు సన్నని గాలి గొట్టాన్ని బిగించి, దాని కొనను మామూలు నీటి మట్టానికి కొంచెం పైన, అలుగు గొట్టం నోటికి కింద ఉండేలా వంచుతారు. తూము మూసుకుపోయి నీరు పెరిగినప్పుడు ఆ కొన మునిగి, గాలి అందక, రెండవ గొట్టం కూడా సైఫన్‌గా మారి నీటినంతా లాగేస్తుంది. అది కూడా చాలకపోతే మూడవదైన అలుగు ఉండనే ఉంది. పంపులో పాచి పేరుకుని వేగం కొద్దిగా తగ్గినా రెండవ గొట్టం ఆ తేడాను తానే సర్దుకుంటుంది కనుక, హెర్బీలో లాగా వాల్వును మళ్లీమళ్లీ సవరించవలసిన పని దాదాపు ఉండదు. పెట్టెలో మూడు రంధ్రాలకు చోటుంటే నేను బీన్ యానిమల్‌నే ఎంచుకుంటాను. రెండింటికే చోటుంటే హెర్బీ. ఒకే గొట్టం మీద ఆధారపడిన అమరికను అపార్ట్‌మెంటులో ఎవరికీ సిఫారసు చేయను.

గొట్టాలు కొనడానికి వెళ్లే ముందు కాగితం మీద కొన్ని లెక్కలు వేసుకోవాలి. ఉదాహరణకు 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. ఎత్తు ఉన్న ట్యాంకును తీసుకుందాం. అందులో ప్రతి సెంటీమీటరు ఎత్తుకు 7.2 లీటర్ల నీరు ఉంటుంది. గంటకు సుమారు 2,000 లీటర్లు, అంటే ట్యాంకు నీటికి దాదాపు ఐదు రెట్లు, సంప్ గుండా తిరిగితే చాలు. అలల వేగం కావాలంటే ట్యాంకులోనే నీటిని కదిపే వేవ్ మేకర్ పెట్టుకోవాలి కాని రిటర్న్ పంపును పెంచకూడదు. పంపు పెట్టె మీద రాసిన అంకెను నమ్మవద్దు. నీటిని మీటరు పైగా ఎత్తవలసి వచ్చేసరికి చాలా పంపులు అందులో సగమే ఇస్తాయి.

పళ్ల గట్టు 30 సెం.మీ. పొడవు ఉండి, అందులో సగం పళ్లకే పోతే, ఈ ప్రవాహానికి గట్టు మీద నీటి మందం సుమారు 1.6 సెం.మీ. ఉంటుంది. కరెంటు పోగానే ముందుగా దిగేది ఈ నీరే: 1.6 × 7.2, అంటే దాదాపు 11.5 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టె 30 × 15 సెం.మీ. ఉండి, హెర్బీ పద్ధతిలో తూము నోరు నీటి మట్టానికి 30 సెం.మీ. కింద ఉంటే, పెట్టెలోంచి ఇంకొక 13.5 లీటర్లు దిగుతాయి. రిటర్న్ గొట్టం మూతి గట్టు మట్టానికి 2 సెం.మీ. కింద ఉంటే అది వెనక్కి సైఫన్ పట్టి 14.4 లీటర్లు లాగుతుంది. గొట్టాలలో ఉన్నది మరో 2 లీటర్లు. మొత్తం 41 లీటర్లు దాటింది. 90 × 45 సెం.మీ. సంప్‌లో ఒక సెంటీమీటరుకు 4 లీటర్లకు కొంచెం పైగా పడుతుంది కనుక, పంపు నడుస్తున్నప్పుడు సంప్ పై అంచు నుంచి కనీసం 12, 13 సెం.మీ. ఖాళీ వదలాలి. ఈ గీతను నేను సంప్ గాజు మీద చెరగని మార్కర్‌తో గీసి ఉంచుతాను. దానికి పైన ఎప్పుడూ నీరు పోయను. చెన్నై వేసవి రాత్రులలో కరెంటు పోయే తీరు తెలిసిన వారికి ఈ గీత విలువ వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి ఎదురు లెక్క కూడా ఒకటి ఉంది, దానిని చాలామంది వేయరు. అన్ని గొట్టాలూ ఒకేసారి మూసుకుపోయి పంపు మాత్రం నడుస్తుంటే, సంప్‌లో పంపు ఉన్న గదిలోని నీరంతా పైకి పోతుంది. పై ట్యాంకులో నడిచే నీటి మట్టానికీ పై అంచుకూ మధ్య 3 సెం.మీ. ఖాళీ ఉంటే అక్కడ 21 లీటర్లు మాత్రమే పడతాయి. అందువల్ల పంపు గదిలో పంపు అందుకోగల నీరు 20 లీటర్లకు మించకుండా సంప్ అడ్డుగోడలను పెట్టించుకోవాలి. ఆవిరైన నీటికి బదులు మంచినీరు పోసే ఆటో టాప్-అప్ ఉన్నట్లయితే, పంపు గది ఖాళీ కాగానే అది కూడా పోయడం మొదలుపెడుతుంది కనుక, దాని డబ్బాను చిన్నదిగా ఉంచి ఆ నీటిని కూడా లెక్కలో కలపాలి.

రిటర్న్ గొట్టంలో ఎన్‌ఆర్‌వీ, అంటే నాన్ రిటర్న్ వాల్వు, వేస్తే నీరు వెనక్కి రాదని దుకాణంలో చెబుతారు. మంచినీటి మోటారుకు అది నిజమే. ఉప్పునీటిలో మాత్రం దాని తలుపు మీద సున్నపు పెచ్చులు పేరుకుంటాయి, చిన్న నత్త ఒకటి చేరినా తలుపు పూర్తిగా మూసుకోదు. ఉండాలనుకుంటే ఉంచుకోవచ్చు కాని లెక్కల్లో దానిని లేనట్టే భావించాలి. నీటి ఉపరితలానికి కొంచెం కింద రిటర్న్ గొట్టానికి 3, 4 మి.మీ. రంధ్రం వేస్తే, మట్టం దాని దాకా దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. ఈ రంధ్రాన్ని కూడా పాచి మూసేస్తుంది కనుక, మూతినే వీలైనంత పైకి పెట్టుకోవడం అన్నిటికంటే నిక్కచ్చి అయిన పద్ధతి.

గొట్టాల సైజుల విషయంలో మన ఊళ్లలో ఒక చిక్కు ఉంది. దానివల్లే చాలా పనులు మధ్యలో ఆగిపోతాయి. ‘ఒక అంగుళం గొట్టం’ అని అడిగితే మూడు వేరువేరు వస్తువులు చేతికి రావచ్చు. ఇంటి చన్నీళ్లకు వాడే యు.పి.వి.సి. ప్లంబింగ్ గొట్టం ఒక అంగుళం సైజులో బయటి వ్యాసం 33.4 మి.మీ. ఉంటుంది. పొలాలకు, బోర్లకు వాడే బూడిదరంగు పి.వి.సి. గొట్టం మిల్లీమీటర్ల లెక్కలో వస్తుంది. దుకాణదారు అంగుళం అని ఇచ్చేది నిజానికి 32 మి.మీ. వేడినీళ్లకు వాడే సి.పి.వి.సి. గొట్టం అంగుళం సైజులో బయటి వ్యాసం 28.6 మి.మీ. మాత్రమే, లోపలి రంధ్రం ఇంకా చిన్నది. ఒక రకం గొట్టం ఇంకొక రకం ఫిట్టింగులో కూర్చోదు, 33.4 మి.మీ. ఫిట్టింగులో 32 మి.మీ. గొట్టం వదులుగా దూరి, సొల్యూషన్ (గొట్టాలు అతికే జిగురు) పూసినప్పుడు పట్టినట్టే కనిపించి, నెలల తరువాత చెమ్మ కారుస్తుంది. గొట్టం, ఎల్బో (మలుపు ముక్క), యూనియన్ (విప్పదీయగల అతుకు), ట్యాంక్ నిపుల్ (గాజు రంధ్రంలో బిగించే ముక్క) అన్నీ ఒకే రకంలో, ఒకే దుకాణంలో, ఒకదానిలో ఒకటి దూర్చి చూసుకుని కొనాలి. నేను యు.పి.వి.సి. రకాన్నే వాడతాను. చెన్నైలో ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల జార్జ్ టౌన్ వీధులలో ఇవన్నీ దొరుకుతాయి. అక్వేరియం వారు వాడే సన్నరకం వాల్వులు, డైమండ్ బిట్లు కావాలంటే కొళత్తూరు అలంకార చేపల బజారులో వెతకడం మేలు.

పైన చెప్పిన 2,000 లీటర్ల ప్రవాహానికి తూము గొట్టం ఒక అంగుళం చాలు. ట్యాంకు నుంచి సంప్ దాకా 60 సెం.మీ. దిగుడు ఉంటే, వంపుల దగ్గర జరిగే నష్టాలు పోగా కూడా పూర్తి సైఫన్‌లో అది గంటకు 3,000 లీటర్లకు పైగా దింపుతుంది. గాలితో కలిసి దిగే గొట్టం అదే సైజులో సుమారు 2,200 లీటర్లే దింపగలదు. అందువల్ల అలుగు గొట్టాన్ని తూము కంటే చిన్నదిగా ఎన్నడూ వేయకూడదు. నేను ఒక సైజు పెద్దదిగా, అంగుళం పావు వేస్తాను. మలుపుల వద్ద ఒక 90 డిగ్రీల ఎల్బోకు బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వేస్తే ప్రవాహం సాఫీగా సాగుతుంది. అడ్డంగా పోయే గొట్టంలో గాలి చిక్కుకుంటుంది కనుక దానికి ఎంతో కొంత వాలు తప్పనిసరిగా ఇవ్వాలి.

వాల్వుల విషయానికి వస్తే, తూము గొట్టానికి గేట్ వాల్వు కావాలి, బాల్ వాల్వు కాదు. బాల్ వాల్వు పూర్తిగా తెరిచిన స్థితి నుంచి మూసిన స్థితికి పావు మలుపులోనే చేరుతుంది. పిడిని వెంట్రుకవాసి కదిపినా పెట్టెలో నీరు ఇంచీలకొద్దీ లేస్తుంది లేదా పడిపోతుంది. గేట్ వాల్వు చక్రాన్ని ఎన్నో చుట్లు తిప్పాలి కనుక ప్రవాహాన్ని సన్నగా సరిదిద్దవచ్చు. అయితే మన హార్డ్‌వేర్ దుకాణాలలో గేట్ వాల్వు అనగానే తీసి ఇచ్చేది ఇత్తడిది. మా ఇంటి పనికి వచ్చిన నెల్లూరు ప్లంబరు కూడా ‘సార్, ఇత్తడిదైతే పదేళ్లు తిరిగి చూడక్కర్లేదు’ అన్నాడు. ‘రాగి కలిసింది ఏదీ ఈ నీళ్లకు తగలకూడదన్నా’ అని చెప్పి, కారణం వివరించాక ఒప్పుకున్నాడు. ఇత్తడి రాగి, జింకు కలిసిన లోహం. ఉప్పునీరు దానిని తింటూ ఆ రాగిని నీటిలోకి వదులుతుంది. చేపలు కొంతవరకు తట్టుకున్నా, రొయ్యలు, నత్తలు, పగడాలు అతిస్వల్పమైన రాగిని కూడా తట్టుకోలేవు. అందువల్ల వాల్వు శరీరమూ, లోపలి తలుపూ, కడ్డీ కూడా ప్లాస్టిక్ అయి ఉండాలి. అటువంటి పి.వి.సి. గేట్ వాల్వు దొరకకపోతే, రసాయన పరిశ్రమలకు సామాను అమ్మే దుకాణాలలో ప్లాస్టిక్ డయాఫ్రమ్ వాల్వు అడగవచ్చు. అది కూడా లేకుంటే, బీన్ యానిమల్ అమరికలో బాల్ వాల్వుతోనే గట్టెక్కవచ్చు. దాని మొరటు సర్దుబాటులో మిగిలిపోయే తేడాను రెండవ గొట్టం భరిస్తుంది. హెర్బీలో ఆ వెసులుబాటు లేదు.

వాల్వును గొట్టం కింది భాగంలో, సంప్‌కు దగ్గరగా పెట్టాలి. పైన పెడితే దాని కింద ఉన్న గొట్టంలో పీడనం తగ్గి, అతుకుల సందుల నుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది, శబ్దమూ బుడగలూ వస్తాయి. వాల్వుకు పైన ఒక యూనియన్, కింద ఒక యూనియన్ వేస్తే ఏడాదికొకసారి విప్పి కడగడానికి వీలవుతుంది. అలుగు గొట్టానికి మాత్రం ఏ వాల్వూ వేయకూడదు, ‘ఉంటే పనికొస్తుంది’ అని కూడా వేయకూడదు. ఇంట్లో ఎవరో ఒకరు, ఏదో ఒకనాడు, తెలియక దానిని తిప్పే అవకాశం మనం మిగల్చకూడదు.

గాజుకు రంధ్రాలు ట్యాంకు అతికించక ముందే గాజు పనివారి చేత వేయించుకోవడం ఉత్తమం. ముందుగా ట్యాంక్ నిపుల్ కొని, దాని మర బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి, అంతకంటే 1, 2 మి.మీ. ఎక్కువగా రంధ్రం అడగాలి. రంధ్రం అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం ఒక రంధ్రం వెడల్పు ఎడం ఉండాలి. సొంతంగా వేసేవారు డైమండ్ బిట్‌ను తక్కువ వేగంలో, నీరు పోస్తూ, బరువు మోపకుండా నడపాలి. వెనుక చెక్క ఆనించి ఉంచాలి. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) గాజుకు రంధ్రం వేయబోతే మొత్తం ముక్కలైపోతుంది కనుక, ట్యాంకు అడుగు గాజు ఏ రకమో ముందే నిర్ధారించుకోవాలి.

ట్యాంక్ నిపుల్ రబ్బరు వాషరు నీరుండే వైపు, అంచు కింద రావాలి. నట్టు వైపు కాదు. వాషరుకు సిలికాన్ పూయవద్దు, అది వాషరును జారేలా చేస్తుంది. నట్టును చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు మాత్రం పానాతో తిప్పితే చాలు. గొట్టాన్ని వాలు లేకుండా అడ్డంగా కోసి, అంచు పొట్టు గీకి, తుడిచి, గొట్టానికీ ఫిట్టింగుకూ రెండింటికీ సొల్యూషన్ పూసి, దూర్చుతూ పావు మలుపు తిప్పి, అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. ప్లాస్టిక్ మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టితే సరిపోతుంది. పానాతో బలంగా బిగిస్తే ఫిట్టింగు చీలుతుంది. ఇనుప క్లిప్పులు, స్టీలు క్లిప్పులు కూడా ఉప్పునీటిలో తుప్పు పడతాయి కనుక ప్లాస్టిక్‌వే వాడాలి. అన్ని అతుకులనూ 24 గంటలు ఆరనిచ్చి, మంచినీటితో కడిగి పారబోసిన తరువాతే ముందుకు సాగాలి.

తూము గొట్టం కింది కొన సంప్ నీటిలో 2, 3 సెం.మీ. మాత్రమే మునిగి ఉండాలి. ఎక్కువ లోతుగా మునిగితే గొట్టంలోని గాలి బయటికి పోలేక, కరెంటు వచ్చిన ప్రతిసారీ సైఫన్ మొదలు కావడానికి ఆలస్యమవుతుంది లేదా అసలు మొదలే కాదు. అలుగు గొట్టం కొనను నేను నీటికి పైనే ఉంచుతాను. అది పారడం మొదలుపెడితే వచ్చే శబ్దం పక్కగదిలోకి వినిపించాలి, ఎందుకంటే తూములో ఏదో అడ్డుపడిందని ఇంట్లో వారికి తెలియజేసేది ఆ శబ్దమే.

ఇక పరీక్ష. దీనిని మంచినీటితోనే, చేపలు రాకముందే చేయాలి. తూము వాల్వును పూర్తిగా తెరిచి పంపు వేయండి. మొదట గొట్టం గాలిని కక్కుతూ హోరుమంటుంది. ఒకటి రెండు నిమిషాల తరువాత వాల్వును పావు చుట్టు బిగించి, పెట్టెలో మట్టం నిలకడకు వచ్చేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి. మళ్లీ పావు చుట్టు. హెర్బీలో మట్టం తూము నోటికి బాగా పైన, అలుగు నోటికి కింద నిలవాలి. బీన్ యానిమల్‌లో రెండవ గొట్టంలో సన్నని ధార మాత్రమే పారాలి. తొందరపడి తిప్పిన ప్రతిసారీ పని మొదటికొస్తుంది కనుక ఈ ఒక్క చోట ఓపిక తప్పనిసరి.

మట్టం కుదిరాక వాల్వును మీరే పూర్తిగా మూసేయండి. అలుగు గొట్టం ఒక్కటే పంపు నీటినంతటినీ దింపగలగాలి, ట్యాంకు అంచు దాకా నీరు రాకూడదు. అరగంట అలాగే వదిలి చూడండి. తరువాత వాల్వు తెరిచి, పంపు ప్లగ్గు పీకి, సంప్‌లో నీరు గీసుకున్న గీతను దాటి ఎంత లేస్తుందో కొలవండి. మళ్లీ ప్లగ్గు పెట్టి, ఎవరి సాయమూ లేకుండా సైఫన్ తిరిగి పట్టుకుంటుందో లేదో చూడండి. ఈ మూడింటినీ కనీసం ఐదారుసార్లు చేయాలి. ఒక్కసారి తప్పినా ఉప్పు కలపవద్దు.

ఇన్వర్టర్ ఉన్నవారు కరెంటు పోయినప్పుడు దాని మీద వేవ్ మేకర్‌ను నడుపుకోవాలి. ఆక్సిజన్‌కు అదే ముఖ్యం, రిటర్న్ పంపు కొన్ని గంటలు ఆగినా నష్టం లేదు. ట్యాంకులో ఏం పెంచుతారనే దాని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశపు పగడాలు 2001 నుంచి రక్షిత జీవులు. సముద్రం నుంచి పగడాలను గానీ, బతికున్న పగడపు రాళ్లను గానీ తెచ్చుకోవడం నేరం, ఎవరో తెచ్చి అమ్ముతామన్నా కొనకూడదు. ఎండు రాళ్లతో, చేపలతో మొదలుపెట్టిన ట్యాంకుకు కూడా ఈ గొట్టాల అమరికలో తేడా ఏమీ ఉండదు.

నడుస్తున్న ట్యాంకులో నెలకొకసారి గాలి గొట్టం కొన దగ్గర పేరుకునే ఉప్పును గోరువెచ్చని నీటితో తుడిచి, రిటర్న్ గొట్టం రంధ్రాన్ని పిన్నుతో పొడిచి, పళ్ల గట్టు మధ్య చిక్కిన నత్తలను తీసివేయాలి. ఏడాదికొకసారి యూనియన్లు విప్పి వాల్వును వెనిగర్ కలిపిన నీటిలో కొన్ని గంటలు నానబెట్టి, శుభ్రంగా కడిగి బిగించాలి. విప్పే ముందు చక్రం ఎన్ని చుట్లు తెరిచి ఉందో లెక్కపెట్టి అలమర తలుపు లోపలి వైపు రాసి ఉంచితే, తిరిగి బిగించాక సర్దుబాటు కొద్ది నిమిషాలలో కుదురుతుంది; ఆ తరువాత వాల్వు మూసి అలుగు పారించే పరీక్షను మరొకసారి చేయాలి.